సూదుల పళ్లెం

సాయంత్రం గాడి కార్ల పందెం: బాట మీది గాడిలో పరుగెత్తే బుల్లి కరెంటు కార్లు, చేతిలోని మీట నొక్కితే ఉరుకుతాయి. పొద్దున్నే, ఇంటి వెనక గదిలో, బల్ల ముందు కొత్త కోడలు ఊపిరి బిగబట్టి కూర్చుంది. ఆమె భుజం మీంచి అత్తగారు తొంగి చూస్తున్నారు.

"మళ్లీ అదే కాలు కిందికొచ్చిందా?"

"లేదత్తయ్యా. ఇందాకటిది మొదటి కాలు. ఇప్పుడొచ్చింది రెండోది."

"ఇందాక మొదటిది బరువన్నావు."

"అన్నాను."

"అరగదీశావు."

"తీశాను."

"ఇప్పుడు రెండోది బరువా?"

"ఇప్పుడు రెండోది బరువు."

"నిన్న మూడోది బరువన్నావు కదమ్మాయ్!"

"నిన్నటి మాట నిన్నటిదే అత్తయ్యా. ఉండండి, మళ్లీ మొదటి నుంచి చెప్తాను. మీకు కాదు, నాకు. పైకి చెప్పుకుంటే తప్పెక్కడుందో దానంతటదే బయటపడుతుందని మా లెక్చరర్ అనేవాడు."

"చెప్పు. నేను లెక్చరర్ని కాదు గానీ తల ఊపగలను."

"ఇది ఆర్మేచరు. మోటారు లోపల తిరిగేది ఇదే. బొటనవేలి గోరంత. దీనికి మూడు కాళ్లు. ఒక్కో కాలికీ సన్నటి రాగితీగ చుట్టాను. మూడింటికీ సమానంగా, ఒకే వైపుకి."

"చుట్టావు. పక్కన కూర్చుని నేనూ లెక్కపెట్టాను. మధ్యలో నువ్వు మా వాడి సంగతేదో చెప్పి నవ్వావు, అయినా నేను లెక్క తప్పలేదు."

"ఇప్పుడు దీన్ని రెండు బ్లేళ్ల అంచుల మీద అడ్డంగా పెట్టాను, ఉయ్యాల్లో పాపాయిని పడుకోబెట్టినంత మెల్లగా. ఏ కాలు బరువైతే ఆ కాలు తనంతట తనే తిరిగి కిందికొచ్చి ఆగుతుంది. దాని చివర కాస్త ఆకురాయితో గీకితే బరువు తగ్గుతుంది. మూడూ సమానమయ్యాక ఎటు తిప్పి వదిలితే అక్కడే ఆగిపోతుంది, ఎటూ మొగ్గదు. అదీ సంగతి. తప్పెక్కడుంది?"

"నాకు కనపడలేదు."

"నాకూ కనపడలేదు. మా లెక్చరర్ కూడా ఒట్టి మాటల మనిషే అనుకుంటా."

"ఇలాగే బిగించేస్తే?"

"తిరిగేటప్పుడు మోటారు వణుకుతుంది. మోటారు వణికితే కారు వణుకుతుంది. మలుపు దగ్గర గాడిలోంచి ఎగిరి..."

"జనం మీద పడుతుంది. ఎరుగుదును. ఓసారి నా ఎర్ర కారు ఎగిరి ఒకాయన టీ కప్పులో పడింది. పాపం ఆయన చూసుకోకుండా ఒక గుక్క తాగేశాడు కూడా."

"బాగుందన్నాడా టీ?"

"నవ్వకు. ఇవాళ టీలో పడ్డా ఫర్వాలేదు, గాడిలో ఉండకపోతే మాత్రం నా పరువు పోతుంది. పందెం జరిగే హాలంతా చెప్పుకొచ్చాను, ఈసారి మా కోడలు చుడుతోంది అని."

"అదే నా భయం. అసలు మీరెందుకు చెప్పారత్తయ్యా?"

"నువ్వెందుకు చెప్పావు? మొదటిసారి మేమంతా మీ ఇంటికొచ్చిన రోజు, నీకేం వచ్చమ్మా అంటే ఏమన్నావు?"

"మోటార్లు చుట్టడం వచ్చు అన్నాను."

"మీ అమ్మ నీ కాలు తొక్కింది. నేను చూశాను."

"రెండుసార్లు తొక్కింది. అయినా ఆగానా? హాస్టల్లో ఎన్ని చుట్టానో, ఎవరెవరి కార్లకి చుట్టానో, గుక్క తిప్పుకోకుండా చెప్పాను. పక్కన మీ అబ్బాయి నోరు తెరుచుకుని వింటుంటే, ఇంకో నాలుగు మోటార్లు కలిపి మరీ చెప్పాను."

"వాడు నోరు తెరిచింది మోటార్లకి కాదులే. ఒప్పుకున్నది మాత్రం నేనే, మోటార్లకే ఒప్పుకున్నాను. ఇంటికొచ్చి ఆయనతో అన్నాను, ఇంక నాకు మీ మోటారు అక్కర్లేదండీ అని."

"మామయ్యగారేమన్నారు?"

"ఏమంటారు! నవ్వారు. ఆయన ఎప్పుడూ ఒకటే మాట, 'ఈ ఇంట్లో మోటారు చుట్టే చెయ్యి ఒక్కటే' అంటారు. గొప్పకి కాదు, ఎండ కాస్తోంది అన్నంత మామూలుగా అంటారు. దానికే ఒళ్లు మండుతుంది."

"కానీ మీకూ ఆయనే కదా చుట్టేది. తీగ ఒకటే, చెయ్యి ఒకటే. మరి ఎప్పుడూ ఆయనే గెలుస్తారేం? మీ మోటార్లో ఏమైనా కిటుకు..."

"ఛ ఛ, ఆయన అలాంటి మనిషి కాదు. నాది ఇంకా శ్రద్ధగా చుడతారు. చుట్లు తక్కువైతే వేగం, ఎక్కువైతే బలం. అవునా?"

"అవును."

"ఆయనకి వేగం కావాలి. తిన్నటి దారిలో దూసుకుపోతారు. నాకు మలుపులోంచి బయటికి రాగానే లాగే బలం కావాలి. నా బొటనవేలు మీట మీద అలా ఆడుతుంది. ఆయన తన మోటారు తన వేలికి తగ్గట్టు చుట్టుకుంటారు. నాదీ తన వేలికి తగ్గట్టే చుడతారు. అంతే తేడా. ఆయన చెప్పు ఎంత మంచిదైతే మాత్రం, నా కాలికి పడుతుందా?"

"అందుకేనా చుట్లు ఎక్కువ వెయ్యమన్నారు!"

"అందుకే. ఒక్కసారి నా వేలికి సరిపడే మోటారుతో ఓడిపోయినా చాలు. ఆ ఓటమి నాదవుతుంది."

"ఓడిపోవడం ఏమిటి? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు."

"నా సంగతిలో ఇల్లూ రచ్చా రెండూ ఆయనేనమ్మా. సరే, ఆ రెండో కాలు సంగతి చూడు."

"చూస్తున్నాను. ఇదిగో, ఈ దీపం కాస్త ఇలా వంచితే... ఆహా. అత్తయ్యా, ఈ దీపం లేకపోతే నేనేమయ్యేదాన్నో! మామయ్యగారు ఎంత ముచ్చటైనది తెచ్చారో చూడండి. పచ్చటి టోపీ, వంగే మెడ, కింద గుండ్రటి పీట. స్క్రూలు కిందపడకుండా ఈ పీట పట్టేసుకుంటుంది. నిన్న రాత్రి ఊరికే వెలిగించి ఆర్పాను. మళ్లీ వెలిగించాను."

"తెలుసు. గది కిటికీ మెరుస్తుంటే ఉరుములొస్తాయేమో అని దండెం మీద బట్టలు తీశాను."

"అయ్యో! నాకు ఈమధ్య ప్రతిదీ ముద్దొస్తోందత్తయ్యా. ఏం చెయ్యను? నిన్న మీ అబ్బాయి టీ కప్పు పెట్టి తీసిన చోట బల్ల మీద గుండ్రంగా తడి మరక పడింది. అదీ ముద్దొచ్చింది."

"తుడిచావా?"

"లేదు."

"తుడిచెయ్యి. ముద్దొచ్చినా తుడిచెయ్యి. తెల్లటి మచ్చ పడుతుంది."

"అత్తయ్యా, తీగ కదలకుండా పూసిన జిగురు గడ్డకట్టి చివర అడ్డం పడింది. సూదిలాంటిదేమైనా ఉందా?"

"నా కుట్టుపెట్టె ఇక్కడే ఉందిగా. ఇదిగో, ఈ పళ్లెంలోంచి తీసుకో. కాస్త లాగాలి, గట్టిగా పట్టుకుని ఉంటాయి."

"వచ్చింది. భలే పళ్లెం! మన ఇంట్లో అన్నీ అంటుకునే వస్తువులే."

"అమ్మా, ఇంజనీరు గారూ, లోపలికి రావచ్చా? టీ."

"రండి. నేను ఇంజనీరుని కాదని ఎన్నిసార్లు చెప్పాలి? ఒట్టి బీఎస్సీ ఫిజిక్స్."

"ఒట్టిదెలా అవుతుంది, ఫస్ట్ క్లాస్ కదా. అమ్మా, నీకూ తెచ్చాను."

"పెట్టు. బల్ల మీద కాదురా, నీ మరకలు ఇక్కడ కొందరికి మరీ ఎక్కువ నచ్చుతున్నాయి."

"ఏం మరకలు?"

"ఏం లేదండీ. అత్తయ్యా!"

"ఎలా ఉంది మోటారు? నా చెవికి బావుందనే అనిపిస్తోంది."

"అది ఇంకా తిరగలేదండీ."

"అందుకే, చప్పుడు లేదు కదా. అమ్మా, నాన్న కబురు పంపించారు. తన దగ్గర అదనపు మోటారు ఒకటి తయారుగా ఉందట. కావాలంటే నూనె వేసి ఉంచుతానన్నారు. మధ్యాహ్నంలోగా చెప్పమన్నారు."

"ఎలా అన్నారు? నవ్వుతూ అన్నారా?"

"మామూలుగా అన్నారు. కిటికీ గట్టు మీద తన ఆర్మేచరు పెట్టుకుని, దాన్ని చూస్తూనే అన్నారు."

"దాన్ని చూసి నవ్వారా?"

"అమ్మా, నేను పందెంలో పడ్డ కార్లు ఎత్తి గాడిలో పెట్టేవాణ్ణి. ఎవరి కారు పడ్డా ఒకే వేగంతో ఎత్తాలి. ఈ ఇంట్లో నాకున్న పదవి అదొక్కటే. నన్ను ఏ వైపుకీ లాగకండి."

"ఏ వైపుకీ లాగట్లేదురా. ఆలోచించి చెప్తానని చెప్పు."

"అలాగే. ఇంజనీరు గారూ, నీ ముక్కు మీద గీకిన పొడి మెరుస్తోంది. చాలా..."

"మీరు వెళ్లండి!"

"వెళ్తున్నా, వెళ్తున్నా. తుడుచుకోకు."

"పోయాడా? ఏమిటమ్మా ఆ నవ్వు, మోటారు వైపు చూడు."

"మోటారు వైపే చూస్తున్నానత్తయ్యా. పొరపాటున మోటారు కూడా ముద్దొస్తోంది."

"నీ వయసులో నాకూ అలాగే ఉండేది. పెళ్లయిన కొత్తల్లో ఈ బల్ల దగ్గరే కూర్చునేదాన్ని."

"మీరా? మీరు చుట్టేవారా?"

"చుట్టడమంటే పెద్ద మాట. ఆయన చుడుతుంటే చూసి, నేనూ చుడతానన్నాను. మూడు చుట్టాను. ఒకదాని తరవాత ఒకటి."

"ఎలా వచ్చాయి?"

"మూడూ తాగుబోతులే. గీకిన కొద్దీ తూలేవి. మొదటిది బిగించి బాట మీద పెడితే, కారు గజగజ వణికి, రెండో మలుపులో పక్కకి పడుకుంది. మీ మామయ్య దాన్ని తీసి, ఊది, నా చేతిలో పెట్టి, ఎంత నెమ్మదిగా అన్నారనుకున్నావు! 'నీది మీట నొక్కే చెయ్యి, చుట్టే చెయ్యి కాస్త బరువు. చుట్టడం నాకొదిలెయ్యి' అన్నారు."

"మీరు వదిలేశారా?"

"వదిలేశాను. నిజమే కదా మరి. మూడు చుట్టి మూడూ తూలితే, ఆడలేక మద్దెల ఓడు అనమంటావా? చెయ్యి బరువు. కొందరిది వంటకి బరువు, కొందరిది పాటకి బరువు. నాది దీనికి. అప్పట్నించీ మీట పట్టుకున్నాను. ఏమిటా చప్పుడు?"

"ఏం చప్పుడు?"

"టప్ మంది."

"అనలేదే!"

"అంది. నా చెవులు బాగానే ఉన్నాయి."

"అంటే... చప్పుడయితే అయింది. అది పెద్ద విషయం కాదు."

"ఏది ఇలా చూపించు."

"వెలుతురు సరిగ్గా లేదత్తయ్యా."

"ఇప్పుడే దీపాన్ని పొగిడావు. చూపించు."

"రెండో కాలు ఇంకొంచెం గీకితే సరిపోతుందని... కొంచెమే... ఆకురాయి జారింది. తీగకి తగిలింది."

"తగిలితే?"

"తెగింది."

"తెగిందా!"

"తెగింది అత్తయ్యా. నాలుగు రోజులుగా గీకుతున్నాను. మొదటి కాలు గీకాను, రెండోది గీకాను, మూడోది గీకాను, మళ్లీ మొదటిది. కోతి రొట్టె పంచినట్టు, ఇటొక ముక్కా అటొక ముక్కా కొరికి కొరికి, చివరికి చేతిలో ఏమీ మిగల్చలేదు. మీ పరువు, నా ఫస్ట్ క్లాసు, అన్నీ ఈ బల్ల మీద పొడిపొడిగా ఉన్నాయి. ఊదితే ఎగిరిపోతాయి."

"ఏడవకు."

"ఏడవట్లేదు. గీకిన పొడి కంట్లో పడింది."

"రెండు కళ్లలోనూనా? ఇలా రా. మోటారే కదా, పోతే పోనీ. ఆయన అదనపు మోటారు ఉందిగా. ఆయన చెప్పుతోనే సర్దుకుంటాను, కాలు అలవాటు పడిపోయింది."

"వద్దత్తయ్యా. అలా అనకండి. నాకు ఇంకా కష్టంగా ఉంది. హాస్టల్లో నిజంగానే బాగా వచ్చేవి. మీ అబ్బాయి కోసం కలిపి చెప్పిన నాలుగూ వదిలేసినా, మిగతావన్నీ నిజం. ఒంటిసబ్బు మీద రెండు బ్లేళ్లు గుచ్చేదాన్ని. చచ్చు సబ్బు, సగం అరిగింది. దాని మీద పెడితే మాట విన్నట్టు ఆగేవి. ఇక్కడ ఇంత చదునైన పీట, ఇంత వెలుతురు, పక్కన మీరు, పక్క గదిలో ఆయన. అన్నీ కుదిరాక చెయ్యి పోయింది. పెళ్లి చేసుకుంటే చేతిలో విద్య పోతుందేమో!"

"నాకూ అలాగే అనిపించింది అప్పట్లో. ఏదీ, ఆ సూది ఇచ్చెయ్యి, మళ్లీ ఎక్కడో పోతుంది. అయ్యో, జారింది!"

"ఎక్కడ పడింది?"

"పడలేదు. చూడు, దీపం పట్టేసింది. పీట మీద నిటారుగా నిలబడింది, బడిలో పిల్లాడిలాగా. మంచి దీపమే... అమ్మాయ్?"

"ఊఁ."

"ఏమిటలా చూస్తున్నావు?"

"అత్తయ్యా, ఆర్మేచరు కాళ్లు దేంతో చేస్తారు?"

"అదేం ప్రశ్న? ఇనుము."

"ఇనుము."

"ఆఁ, ఇనుమే. పైన రాగితీగ."

"సూది కూడా ఇనుమే."

"సూది ఉక్కు. ఇంచుమించు ఇనుమే. ఏమైంది నీకు? నీళ్లు తాగుతావా?"

"నేను బ్లేళ్లు ఎక్కడ నిలబెట్టాను?"

"ఇక్కడే. దీపం పీట మీద. అదే చదునుగా ఉందని నువ్వే..."

"పీట కింద అయస్కాంతం ఉంది. అది ఏ కాలు దగ్గరుంటే ఆ కాలిని కిందికి లాగుతుంది. నేను ఆ కాలు బరువని గీకుతాను. మళ్లీ తిప్పితే ఇంకో కాలిని లాగుతుంది. అదీ గీకుతాను. అత్తయ్యా, స్నానాల గదిలో సబ్బుందా?"

"ఉంది. తడిసి ఉంటుంది."

"తడిసినా సరే. తెస్తారా? దీపాన్ని నేను దూరంగా, ఆ మూలకి తీసుకెళ్లి పెడతాను."

"ఇదిగో సబ్బు. పట్టుకో, జారుతోంది."

"బ్లేళ్లు కూడా కొత్తవి తీస్తాను, పాతవాటికి ఈపాటికి అయస్కాంతం గాలి సోకి ఉంటుంది. గుచ్చాను. పెట్టాను. తిప్పుతున్నాను... మూడోది. మళ్లీ... మూడోది. పైకి తిప్పి వదులుతా... మూడోదే! చూశారా, మాట మార్చట్లేదు. మొదటిదీ రెండోదీ ఎక్కువ గీకాను కాబట్టి నిజంగానే ఇప్పుడు మూడోది బరువు. సబ్బు నిజం చెప్తోంది."

"అంటే మొదట్లో?"

"మొదట్లో ఏ రోగమూ ఉండి ఉండదు. ఆరోగ్యంగా ఉన్నదాన్ని పట్టుకుని నాలుగు రోజులు వైద్యం చేసి చంపేశాను! అత్తయ్యా, అయస్కాంతాల మీద నేను పదహారు పేజీలు రాశాను పరీక్షలో. అదనపు కాగితం అడిగి మరీ రాశాను! చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే. పైగా రోజూ చెప్తూనే ఉన్నాను, స్క్రూలు అంటుకుంటాయి, స్క్రూలు అంటుకుంటాయి అని. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడం కూడా కాదు, చంకలో పిల్లని జనానికి చూపిస్తూ, మా పిల్ల కనపడిందా అని అడిగాను! అమ్మో, నవ్వలేక కడుపు నొప్పి... మీరు నవ్వండి అత్తయ్యా, ఫర్వాలేదు, నేనేం అనుకోను."

"పీట అడుగున అయస్కాంతం అన్నావు."

"అత్తయ్యా? నవ్వట్లేదేం?"

"నువ్వు బ్లేళ్లు దాని మీద ఎందుకు పెట్టావు?"

"చదునుగా ఉందని. బల్లంతా గతుకులు కదా. పైగా మామయ్యగారు అంత ముచ్చటగా తెచ్చిచ్చారు, వాడకుండా పక్కన పెట్టడానికి మనసొప్పలేదు. ఏం?"

"బల్లకి అప్పుడూ గతుకులే."

"అప్పుడంటే ఎప్పుడు?"

"ఆ సూది పీకి పళ్లెంలో వెయ్యి."

"వేశాను. టక్కున పట్టుకుంది. దీని అడుగునా అయస్కాంతమే కదా, సూదుల కోసం..."

"అది సూదుల కోసం ఇచ్చింది కాదమ్మాయ్."

"మరి?"

"ఆయనే తెచ్చారు, పెళ్లయిన కొత్తల్లో. 'నీ స్క్రూలన్నీ మంచం కిందికి దొర్లిపోతున్నాయి, ఇందులో వేసుకో' అన్నారు. బోర్లిస్తే ఎంత నున్నగా ఉంటుందో చూడు. నేనూ రోజూ తుడిచి తుడిచి చూసుకునేదాన్ని. దాన్ని బోర్లించి, దాని మీదే నిలబెట్టేదాన్ని బ్లేళ్లు."

"అత్తయ్యా..."

"మూడు మోటార్లు. మూడూ."

"అయితే అవి తాగుబోతులు కావు!"

"కావు. నేనే తాగించాను. తరవాత స్క్రూలు లేక పళ్లెం ఖాళీగా ఉంటే, సూదులు వేసుకున్నాను."

"మామయ్యగారికి... తెలిసే ఇచ్చారంటారా?"

"ఆయనకా! కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికే మనిషి. ఆర్మేచరు బరువు కిటికీ గట్టు మీద సరిచూసుకోవడం ఆయన అలవాటు, అంతే. ప్రేమగానే ఇచ్చారు. నాకూ, నీకూ. దొంగబుద్ధితో ఇచ్చి ఉంటే ఎప్పుడో పట్టుకునేదాన్ని. ప్రేమగా ఇస్తే ఎవరు అనుమానిస్తారు?"

"నేను అనుమానించానా, దాని మెడ నిమురుతూ కూర్చున్నాను. అత్తయ్యా, మీ కళ్లలో..."

"గీకిన పొడి."

"రెండిట్లోనూనా?"

"నోరు మూసుకో. కాలిపోయిన నా పాత మోటారు ఎక్కడ పెట్టావు?"

"ఈ డబ్బాలో. కిందటి పందెంలో మీరు మీట వదలకుండా నొక్కి మాడ్చిందే కదా? ఇంకా వాసనొస్తోంది. లోపల ఆర్మేచరు కాళ్లు మాత్రం బాగానే ఉన్నాయి, తీగే మాడింది. ఆ తీగ విప్పేసి కొత్తది చుట్టొచ్చు! మూడు కాళ్లకీ చుట్టి, జిగురు పూసి, దూరం నుంచి దీపం వేడి చూపిస్తే సాయంత్రానికి ఆరుతుంది. దీపం తల మంచిదే, పీటే మంచిది కాదు. ఉండండి, నేను చేతులు కడుక్కుని వచ్చి..."

"నువ్వు చేతులు కడుక్కో. కడుక్కుని ఆ ముక్కాలి పీట మీద కూర్చో."

"పీట మీదా? మరి చుట్టేదెలా?"

"లే ఆ కుర్చీలోంచి."

"మీరా!"

"తీగ ఇటివ్వు. మొదటి కాలికి ఎటు వైపు నుంచి చుట్టావు?"

"నా వైపు నుంచి అవతలికి. మూడింటికీ అలాగే... అత్తయ్యా, ఏమిటా వేగం! మీ వేళ్లు..."

"మాట్లాడకు, లెక్క తప్పుతుంది. నువ్వే పైకి లెక్కపెట్టు. మా వాడు గుర్తొచ్చినా సరే, నవ్వకుండా."

"పెడుతున్నా, పెడుతున్నా... తీగ ఒక్కచోట కూడా ఒకదాని మీదికి ఒకటి ఎక్కట్లేదు. నాకంటే బాగా పేరుస్తున్నారు!"

"లెక్క!"

"అమ్మా, నాన్న మళ్లీ అడుగుతున్నారు, నూనె సీసా చేత్తో పట్టుకుని కూర్చున్నారు, ఆయన మోటారు కావాలా వద్దా అని... ఇదేమిటి? నువ్వు కుర్చీలో, ఈవిడ పీట మీద? గదంతా సబ్బు వాసనేమిటి? దీపం ఆ మూల ఎందుకు నిలబడింది?"

"ష్! మధ్యలో మాట్లాడకండి. లెక్కపెడుతున్నాను."

"అసలేం జరిగింది? ఇంజనీరు గారూ, ఏడుస్తున్నావా నవ్వుతున్నావా?"

"రెండూనండీ. ఉండండి... ఆఁ, మొదటి కాలు అయిపోయింది అత్తయ్యా."

"ఒరేయ్, ఆ పళ్లెం తీసుకో. సూదులన్నీ ఈ గుడ్డకి గుచ్చి, దాన్ని ఖాళీ చెయ్యి."

"చేశాను. ఇప్పుడేం చెయ్యాలి?"

"తీసుకెళ్లి మీ నాన్న కిటికీ గట్టు మీద, ఆయన ఆర్మేచరు పక్కనే పెట్టు."

"పెట్టి ఏమని చెప్పను?"

"ఏమీ చెప్పకు. ఆయన మోటారు మాత్రం వద్దని చెప్పు."

"మరి నీ కారుకి ఎవరు చుడుతున్నారని అడిగితే?"

"'ఆ మూడు మోటార్లూ చుట్టిన చెయ్యే చుడుతోంది' అని చెప్పు."